పాతకాలపు బ్రిటిష్ రేసింగ్ కార్లు: అసలుదాన్ని పోల్చుకోవడం, తిరిగి నిలబెట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఏ కార్ల గురించి మాట్లాడుతున్నాం?

1930ల నుంచి 1960ల మొదటి వరకు బ్రిటన్‌లో పోటీల కోసం తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల గురించి. ఎంజీ కే3, ఫ్రేజర్ నాష్ లె మాన్ రెప్లికా, జాగ్వార్ సి-టైప్, డి-టైప్, లిస్టర్, లోటస్ ఎలెవెన్, లోలా మార్క్ 1 లాంటివి. ఇవన్నీ కొద్ది సంఖ్యలోనే తయారయ్యాయి. ఎంజీ కే3లు 33, సి-టైప్‌లు 53. లోటస్ ఎలెవెన్ కాస్త ఎక్కువ, 1956 నుంచి 1958 దాకా సుమారు 270.

ఒక తిరకాసు మొదటే చెప్పాలి. ఫ్రేజర్ నాష్ పేరులో 'రెప్లికా' అని ఉన్నా అది నకలు కాదు. 1949లో, ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ పందెంలో ఆ కంపెనీ కారు మూడో స్థానంలో వచ్చింది. అలాంటి కారే కొనుక్కోండి అని చెప్పడానికి కంపెనీయే ఆ పేరు పెట్టుకుంది. ఈ రంగంలో మాటల్ని అంత జాగ్రత్తగా చదవాలి.

పాత షెడ్డులో ఒక కారు దొరికింది. మొదట ఏం చేయాలి?

కడగొద్దు. తుడవొద్దు. స్టార్ట్ చేయొద్దు. ముందు ఫొటోలు తీయండి. పైనుంచి, కింద నుంచి, బానెట్ తెరిచి, సీటు తీసి, ప్రతి రివెట్ వరుసనూ, ప్రతి వెల్డింగ్ అతుకునూ తీయండి. సీట్ల కింద ఉన్న చెత్తను కూడా పారేయకుండా కవర్లో దాచండి. పాత పందెం స్టిక్కరు ముక్క, పెట్రోలు రసీదు, పాత రంగు పెచ్చు, ఇవన్నీ తర్వాత సాక్ష్యం చెబుతాయి.

నాకు బాగా తెలిసిన ఒకాయన లోటస్ చాసిస్‌ను తెచ్చిన వారంలోనే ఇసుకతో బ్లాస్టింగ్ చేయించారు. తుప్పంతా పోయి గొట్టాలు తళతళలాడాయి. వాటి మీద మూడు పొరలుగా ఉన్న పాత రంగులు కూడా పోయాయి. ఆ కారును మొదట ఏ రంగులో పరిగెత్తించారో తేల్చడానికి ఆ పొరలు తప్ప వేరే ఆధారం లేదు. ఆయన బాధ చూశాక నేను ఎవరికైనా మొదట చెప్పే మాట ఇదే: శుభ్రం చేయడానికి తొందరపడకండి.

చాసిస్ నంబరు ప్లేటు సరిపోతే అది అసలు కారే కదా?

కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ప్లేటు అంటే నాలుగు రివెట్లతో బిగించిన చిన్న రేకు. ఒక కారు నుంచి ఊడదీసి ఇంకో కారుకు బిగించడానికి పది నిమిషాలు చాలు. కొత్త ప్లేటు చెక్కించి, ఆమ్లంతో పాతబరిచేవాళ్ళూ ఉన్నారు. అందుకే ప్లేటును చివర చూడాలి. ముందు చూడాల్సింది లోహంలోకి గుద్దిన నంబర్లు. చాసిస్ మీద, ఇంజిన్ బ్లాకు మీద, గేర్‌బాక్స్ మీద, సిలిండర్ హెడ్ మీద అంకెల ఆకారం, లోతు, వరుస తీరు అదే ఏడాది తయారైన, నికార్సైనదని తేలిన ఇంకో కారుతో పోల్చాలి. అంకె చుట్టూ లోహం అరగదీసినట్టు పల్చగా ఉంటే పాత నంబరు చెరిపేసి కొత్తది గుద్దారని అనుమానించాలి.

జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ నంబరు చివర్లో 7, 8, 9 అనే అంకె ఉంటుంది. అది కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకె. సి-టైప్ ఇంజిన్ అంటూ చూపించే దాని మీద 7 కనిపిస్తే, మామూలు కారు ఇంజిన్ తెచ్చి పెట్టారేమో అని అడగాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. ఆ రోజుల్లో పందెం జట్లే నంబర్లు మార్చేవి. యూరప్‌లో సరిహద్దు దాటాలంటే కారుకు కస్టమ్స్ కాగితం కావాలి. కాగితం ఉన్న కారు బాగుండక, కాగితం లేని కారు సిద్ధంగా ఉంటే, దీని ప్లేటు దానికి బిగించి తీసుకెళ్ళేవారు. అలా మారిన నంబరును ఈ రోజు మోసం అనలేం. దాని కథను మాత్రం తేల్చుకోవాలి.

ఒకే నంబరుతో రెండు కార్లు ఎలా ఉంటాయి?

డి-టైప్ దీనికి మంచి ఉదాహరణ. మాల్కమ్ సేయర్ విమానాల కంపెనీ నుంచి వచ్చిన డిజైనర్. డ్రైవరు కూర్చునే మధ్య భాగాన్ని విమానంలా రేకులతో పెట్టెగా కట్టి, ఇంజిన్ మోసే గొట్టాల ఫ్రేమును ముందు పెట్టాడు. 1954 కార్లలో ఈ ఫ్రేమును మధ్య పెట్టెకు వెల్డింగ్ చేశారు. 1955 నుంచి బోల్టులతో బిగించారు.

బోల్టు అయితే ఊడుతుంది కదా. పందెంలో దెబ్బతిన్న కారుకు కొత్త ఫ్రేము వేస్తారు, పాతది షెడ్డు మూల పడేస్తారు. నలభై ఏళ్ళ తర్వాత ఆ పాత ఫ్రేము మీద ఒకరు కొత్త కారు కట్టుకుంటారు. మధ్య పెట్టె ఉన్న కారు ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఇద్దరూ తమదే అసలుదంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. ఇలాంటి గొడవకు నాకు నచ్చిన పరిష్కారం ఒక్కటే: రెండింటినీ ఒకరే కొని, అసలు భాగాలన్నీ ఒకే కారులోకి చేర్చడం. ఖర్చు భరించలేనంత ఉంటుంది. కానీ కారు మళ్ళీ ఒక్కటవుతుంది.

భాగాలన్నీ మారిపోయిన కారును అదే కారు అనొచ్చా?

దీని మీద ఇంగ్లండ్‌లో హైకోర్టు దాకా వెళ్ళారు. ఆ కేసును కాస్త వివరంగా చెబుతాను.

'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ, 1930లోనూ లె మాన్ గెలిచింది. రెండుసార్లూ నడిపినవాళ్ళలో వుల్ఫ్ బర్నాటో ఉన్నాడు. తర్వాత దానికి ఎనిమిది లీటర్ల ఇంజిన్ పెట్టారు. 1932లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 500 మైళ్ళ పందెంలో అది ట్రాక్ గట్టు దాటి పడిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. ఆ తర్వాత కారును తిరిగి కట్టారు, బాడీ మార్చారు, చేతులు మారాయి. 1990లో దాన్ని సుమారు కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. కొనేవాళ్ళు మధ్యలో వెనక్కి తగ్గారు. ఇది లె మాన్ గెలిచిన కారు కానే కాదన్నారు.

జస్టిస్ ఆటన్ ఆ కారు చరిత్రను ఏడాది ఏడాదిగా తవ్వి చూశారు. 1929 నాటి భాగాలు చాలా కొద్దిగానే మిగిలాయని తేలింది. అయినా ఆ కారు ఎప్పుడూ మాయమై మళ్ళీ పుట్టలేదు. ఒక భాగం పోతే ఇంకో భాగం వచ్చింది, కానీ కారు మాత్రం ఎడతెగకుండా కొనసాగింది. దాన్ని 'ఒరిజినల్' (మొదట తయారైనట్టే ఉన్నది) అనలేమని, 'అథెంటిక్' (నికార్సైనది) అనవచ్చని, ఓల్డ్ నంబర్ వన్ అనే పేరు దానికే చెందుతుందని తీర్పు ఇచ్చారు.

నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా పనికొచ్చే పాఠం లేదు. కారు గుర్తింపు రేకులోనో, ఇంజిన్‌లోనో మాత్రమే ఉండదు. తెగిపోని చరిత్రలో ఉంటుంది. 1934లో ఎవరి దగ్గర ఉంది, 1951లో ఎక్కడ ఉంది, ఏ ఏడాది ఏ భాగం ఎందుకు మారింది అని చెప్పగలిగితే అది ఆ కారే. మధ్యలో ముప్పై ఏళ్ళ ఖాళీ ఉండి, అకస్మాత్తుగా మెరుస్తూ ప్రత్యక్షమైతే ఆ ఖాళీ గురించి అడగాలి.

రెప్లికా, కంటిన్యుయేషన్, రీక్రియేషన్: తేడా ఏమిటి?

రెప్లికా అంటే వేరేవాళ్ళు పోలికతో చేసింది. వెస్ట్‌ఫీల్డ్ కంపెనీ 1980లలో లోటస్ ఎలెవెన్ పోలికతో మొదలైంది. అది దాచిందేమీ లేదు, నిజాయితీగా తన పేరుతోనే అమ్మింది.

కంటిన్యుయేషన్ అంటే అసలు కంపెనీయే ఇప్పుడు మళ్ళీ తయారు చేసింది. 1957 ఫిబ్రవరి 12న జాగ్వార్ ఫ్యాక్టరీలో మంటలు చెలరేగాయి. డి-టైప్‌లను రోడ్డు కారు ఎక్స్‌కేఎస్ఎస్‌గా మార్చే పని అప్పుడు నడుస్తోంది. అనుకున్న 25లో 9 కాలిపోయాయి, 16 మిగిలాయి. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత జాగ్వార్ ఆ తొమ్మిదినీ కొత్తగా కట్టింది. పందాల కోసం బరువు తగ్గించిన ఈ-టైప్‌లు 1963-64లో 18 అనుకుని 12 చేసి ఆపేస్తే, మిగతా ఆరింటినీ 2014 నుంచి కట్టింది.

ఇవి నకిలీవా? కాదు. పాతవా? అదీ కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. తర్వాత కొత్త రథం చేయించారు. స్వామి ఇప్పుడు దాని మీదే ఊరేగుతారు, భక్తికి లోటేమీ లేదు. కానీ ఇదే ఆ పాత రథమని ఎవరూ చెప్పరు. కార్ల విషయంలోనూ అంతే. కొత్తదాన్ని కొత్తదని చెప్పి అమ్మితే ఏ గొడవా లేదు.

రీక్రియేషన్ అంటే వేరే పాత కారును మార్చి అసలుదానిలా కట్టింది. దీని విషయంలోనే జాగ్రత్త కావాలి. ఎంజీ కే3కి దగ్గరి చుట్టాలైన పొడవాటి కే1, కేఎన్ కార్ల చాసిస్ పొట్టి చేసి, ముందు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) పెట్టి కే3లా మార్చినవి చాలా ఉన్నాయి. ఇటలీ డ్రైవరు నువొలారి 1933లో ఉత్తర ఐర్లండ్‌లో టూరిస్ట్ ట్రోఫీ (టీటీ) పందెం గెలిచిన మోడల్ కదా, ఆ పేరుకు అంత విలువ. చాసిస్‌ను ఎక్కడ కోసి అతికించారో వెతకండి.

కాగితాలు లేకపోతే లోహాన్ని చూసి వయసు చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. లూకాస్ కంపెనీ డైనమో, స్టార్టర్ మోటార్ లాంటి వాటి మీద తయారైన నెల, ఏడాది గుద్దేది. '4 57' అంటే 1957 ఏప్రిల్. 1954 కారు అని చెప్పేదాని మీద అన్నీ 1959 తేదీలే ఉంటే ప్రశ్న లేవనెత్తాలి. ఒక్కటి మాత్రమే కొత్తదైతే పాడైపోయి మార్చారని సరిపెట్టుకోవచ్చు.

మరలూ మాట్లాడతాయి. పాత బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్, బీఎస్ఎఫ్ అనే బ్రిటిష్ కొలతల మరలు ఉండేవి. 1950లలో మెల్లగా అమెరికా తరహా కొలత యూఎన్ఎఫ్ వచ్చింది. మిల్లీమీటర్ల బోల్టు కనిపిస్తే చాలాసార్లు అది ఈ మధ్య చేసిన పని.

అన్నిటికన్నా నమ్మదగినవి పాత పందెం ఫొటోలు. చేత్తో కొట్టిన అల్యూమినియం బాడీ ఏ రెండూ ఒకేలా ఉండవు. గాలి చీలికలు ఎన్ని, రివెట్ల మధ్య దూరం ఎంత, పెట్రోలు మూత ఏ పక్కకి ఉంది, అద్దం ఎక్కడ బిగించారు అని భూతద్దంతో పోల్చాలి. ఒక రోజంతా ఒకే ఫొటో చూస్తూ కూర్చోవాల్సి రావచ్చు. కూర్చోండి.

రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

జాగ్వార్ అయితే జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు. ఎంజీ, ఆస్టిన్-హీలీ లాంటివైతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం. ఫ్యాక్టరీ నుంచి కారు ఏ తేదీన, ఏ రంగులో, ఏ ఇంజిన్ నంబరుతో బయటికి వచ్చిందో సర్టిఫికెట్ ఇస్తారు. చిన్న కంపెనీల విషయంలో ఆ మోడల్ యజమానుల క్లబ్బు రిజిస్ట్రారే పెద్ద దిక్కు. పాత పందాల ఎంట్రీ లిస్టులు, కార్యక్రమ పుస్తకాలు కూడా వెతకండి. వాళ్ళను ప్రేమగా, ఓపికగా అడగండి. చాలామంది జీతం లేకుండా చేస్తున్న పని అది.

ఎఫ్ఐఏ పాస్‌పోర్టు ఉంటే అసలు కారేనా?

కాదు. ఎఫ్ఐఏ అంటే ప్రపంచ మోటార్ పందాల సంస్థ. అది ఇచ్చే ఆ హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టు, కారు ఆ కాలపు సాంకేతిక వివరాలకు తగ్గట్టు ఉందని మాత్రమే చెబుతుంది. సరిగ్గా చేసిన నకలుకూ అది వస్తుంది. అమ్మేవాళ్ళు దాన్ని సాక్ష్యంగా చూపిస్తే నమ్మకండి.

పూర్తిగా రిస్టోర్ చేయాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

ప్రాణానికి ముప్పు తెచ్చేవి తప్పక మార్చాలి: బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు గొట్టాలు, టైర్లు, పగుళ్ళు వచ్చిన ఏ భాగమైనా. మిగతావి ఉంచగలిగినంత ఉంచాలి. గీత పడిన రంగు, అరిగిన సీటు తోలు, ఎవరో 1958లో కంగారులో చేసిన అతుకు, ఇవి మళ్ళీ ఎవరూ చేయలేనివి.

1956లో లె మాన్ గెలిచిన డి-టైప్, నంబరు ఎక్స్‌కేడీ 501, 2016లో అమెరికాలో వేలంలో 2 కోట్ల 17 లక్షల డాలర్లకు పైగా పలికింది. గెలుపు ఒక్కటే కాదు, దాని అసలు భాగాలు దానిలోనే ఉండటం కూడా ఆ ధరకు కారణం.

మార్చిన పాత భాగాన్ని పారేయొద్దు. చీటీ కట్టి, తేదీ రాసి, కారుతో పాటే ఉంచండి.

అల్యూమినియం బాడీ నలిగిపోయింది. మన దగ్గర టింకరింగ్ చేసినట్టు పుట్టీ పెట్టేయొచ్చా?

వద్దు. పుట్టీ పందెంలో ఊగే పల్చటి రేకు మీద నిలవదు, పెచ్చులూడుతుంది.

పాత బాడీలు చేసినవాళ్ళు మాటల్లో చెప్పలేనంత నేర్పరులు. లోటస్ ఎలెవెన్ ఆకారం గీసింది విమాన ఇంజనీరు ఫ్రాంక్ కాస్టిన్ అయితే, దాన్ని రేకులోకి తెచ్చింది ఎడ్మంటన్‌లోని విలియమ్స్ అండ్ ప్రిచర్డ్ పనివాళ్ళు. ఇసుక సంచి మీద పెట్టి కొట్టడం, పెద్ద చక్రాల మిషన్ మధ్య రేకును దొర్లించి వంపు తేవడం, గ్యాస్ వెల్డింగుతో అతకడం. బాగుచేసేటప్పుడూ అదే పద్ధతి వాడాలి.

అల్యూమినియం కొట్టగా కొట్టగా గట్టిపడి చిట్లుతుంది. మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరచాలి. ఇనుములా ఎర్రబడి ఇది హెచ్చరించదు, ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. అందుకే రేకు మీద సబ్బు రుద్ది మంట చూపిస్తారు. సబ్బు గోధుమరంగు దాటి నల్లబడితే వేడి సరిపోయిందని గుర్తు. ఎంత మంచి మిషన్లు వచ్చినా పనివాళ్ళు ఇప్పటికీ ఈ సబ్బునే నమ్ముతారు. నాకు ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

వెల్డింగు అయ్యాక, అతుకు పట్టడానికి వాడిన ఫ్లక్సు అనే రసాయనాన్ని వేడినీళ్ళతో పూర్తిగా కడగాలి. లేకపోతే రంగు కింద అదే రేకును తినేస్తుంది. అల్యూమినియం ఉక్కు గొట్టాన్ని నేరుగా తాకే చోట మధ్యలో ఏదైనా అడ్డు పెట్టాలి. తడి తగిలితే ఆ రెండూ కలిసిన చోటే అల్యూమినియం పొడిగా రాలుతుంది. లోపల పుట్టీ దాగి ఉందా అని అయస్కాంతంతో చూస్తే ఈ బాడీ మీద ఏమీ తెలియదు. రంగు మందం కొలిచే మీటరు వాడండి.

గొట్టాల చాసిస్, మెగ్నీషియం చక్రాలు వాడొచ్చా?

పరీక్ష చేయకుండా వద్దు. ఉక్కు గొట్టాల అతుకులను అయస్కాంత పొడితో, తేలిక లోహాలను లోపలికి ఇంకే రంగు ద్రవంతో పరీక్షిస్తే కంటికి కనపడని పగుళ్ళు బయటపడతాయి. గొట్టం లోపల తుప్పు పట్టిందేమో కూడా చూడాలి.

పాత మెగ్నీషియం చక్రాలను గోడకు తగిలించుకుని, పోటీకి కొత్తవి పోత పోయించుకోవడమే నా సలహా. మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట ఇంకా ఎగసిపడుతుంది. ఈ సంగతి తెలియని లేత్ షాపుకు ఆ చక్రాలు ఇవ్వొద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గాలితో ఊదొద్దు.

కొవెంట్రీ క్లైమాక్స్ ఇంజిన్ నిజంగా ఫైర్ పంపు ఇంజినా?

అవును. మంటలార్పే సిబ్బంది చేత్తో మోసుకెళ్ళే పంపు కోసం తేలికగా చేసిన అల్యూమినియం ఇంజిన్ అది. దాన్నే 1,098 సీసీకి పెంచి 'ఎఫ్‌డబ్ల్యూఏ' చేశారు. లోటస్, లోలా, కూపర్ లాంటి చిన్న కంపెనీలన్నీ దాన్ని వాడుకున్నాయి. 1957 లె మాన్‌లో 750 సీసీ క్లైమాక్స్ పెట్టిన లోటస్ ఎలెవెన్ 'ఇండెక్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' (ఇంజిన్ సైజును లెక్కలోకి తీసుకుని ఇచ్చే) బహుమతి గెలిచింది. అయితే కారు నంబరుకు, ఇంజిన్ నంబరుకు పొత్తు కుదరకపోతే కంగారు పడొద్దు. ఆ రోజుల్లో ఇంజిన్ పేలితే ఆదివారం పందేనికి పక్క కారు ఇంజిన్ అప్పు తెచ్చుకునేవారు.

బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ ఏ రంగు కోడ్?

ఒక్క కోడ్ అంటూ లేదు. 1903లో గోర్డన్ బెన్నెట్ పందెం ఐర్లండ్‌లో జరిగింది. ఆతిథ్యమిచ్చిన దేశం గౌరవార్థం బ్రిటిష్ కార్లు ఆకుపచ్చ వేసుకున్నాయని చెబుతారు. తర్వాత ఒక్కో జట్టు ఒక్కో ఆకుపచ్చ వాడింది. స్కాట్లండ్ జట్టు ఎకురీ ఎకోస్ అయితే నీలమే వేసింది. మీ కారుకు ఏది సరైనదో డబ్బా మీద పేరు చెప్పదు, డ్యాష్‌బోర్డు వెనక గాలి ఎండ తగలని చోట మిగిలిన పాత రంగు చెబుతుంది.

మామూలు పానాలు పనికొస్తాయా?

రావు. విట్‌వర్త్ పానా మీద రాసిన కొలత నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. మిల్లీమీటర్ల పానాతో తిప్పితే నట్టు మూలలు గుండ్రమవుతాయి. ఒక పాత సెట్టు కొనుక్కోండి.

భారత్‌లో ఇలాంటి కారు ఉంటే రిజిస్ట్రేషన్ ఎలా?

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి అనుమతి లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు లాంటి వాటికే. హైదరాబాదులోనో విజయవాడలోనో తాతగారి కారు ఉన్నవాళ్ళు పాత ఆర్సీ పుస్తకాన్ని పోగొట్టుకోవద్దు. ఆ కారు చరిత్రకు అదే మొదటి పేజీ.

పెట్రోలు ఏది పోయాలి?

ఇథనాల్ తక్కువ ఉన్నది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (అంటే పది శాతం దాకా ఇథనాల్ ఉన్నది), సూపర్ రకం ఈ5. భారత్‌లో ఈ20 దాకా వెళ్ళింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమను లాగుతుంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవిగా మార్చండి. కారు నెలల తరబడి ఆగితే ట్యాంకు ఖాళీ చేయండి.

ముప్పై ఏళ్ళు ఆగిపోయిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయాలనుంది. టెన్షన్‌గా ఉంది. ఎలా?

టెన్షన్ ఉండటం మంచిదే, తొందరపడరు. ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో కొద్దిగా పల్చటి నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. పాత ఆయిలు, పాత పెట్రోలు తీసేయండి. గేరులో పెట్టి కారును నెట్టొద్దు. క్రాంకును చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపేసి విప్పి చూడండి. హాయిగా రెండు చుట్లు తిరిగితే కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్ తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ మీటరు చూడండి. ముల్లు లేచేదాకా ప్లగ్గులు పెట్టొద్దు. లేచాక ప్లగ్గులు బిగించి, పక్కన మంటలార్పే సిలిండర్ పట్టుకున్న మనిషిని నిలబెట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి.